మేడ మీది గదిని పిల్లల గదిగా మార్చే ముందు



పిల్లలు అయిదో తరగతి దాటేసరికి చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "నాకు సొంత గది కావాలి." కింద రెండే బెడ్‌రూములు. ఒకటి మీది, ఒకటి నానమ్మ తాతయ్యలది. అప్పుడు అందరి చూపూ మేడ మీది గది మీద పడుతుంది. పాత ట్రంకు పెట్టెలు, ఖాళీ ఊరగాయ జాడీలు, విరిగిన కుర్చీలు, ఎప్పుడో కొన్న కూలర్ అట్టపెట్టె అన్నీ అందులోనే ఉంటాయి. అవి తీసేసి, రంగు వేసి, మంచం వేస్తే గది సిద్ధం అనుకుంటాం.

నిజానికి అది మంచి ఆలోచనే. వెలుతురు, నిశ్శబ్దం, ఆకాశం అన్నీ దొరికే చోటు అది. కాకపోతే పని చేసే వరస ముఖ్యం. రంగులు, బొమ్మలు, లైట్లు చివర రావాలి. వేడి, భద్రత, రాత్రిపూట తోడు అనే మూడు సంగతులు ముందు తేలాలి. ఈ నెల వ్యాసంలో ఆ వరసనే చూద్దాం.

ఒక పీటీఎంలో తెలిసిన సంగతి

ఏడో తరగతి అబ్బాయి. ఫిబ్రవరిలో మేడ మీద గది ఇచ్చారు. నీలం గోడలు, కొత్త స్టడీ టేబుల్, సీలింగ్ నిండా మెరిసే నక్షత్రాల స్టిక్కర్లు. బాబు సంబరం అంతా ఇంతా కాదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు. క్లాస్ టీచర్ చెప్పగానే నాన్నగారు ఫోన్ మీద అనుమానపడి అది తీసేసుకున్నారు. వారం గడిచినా మార్పు లేదు. బాబు మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే గది పోతుందని భయం!

ఒకరోజు ఆ నాన్నగారే రాత్రి పదిన్నరకు పైకి వెళ్లి ఆ మంచం మీద పడుకున్నారు. తర్వాతి పీటీఎంలో ఆయన అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తుంది: "అరగంట కూడా ఉండలేకపోయాను మేడమ్. వాడు నెల రోజులు పడుకున్నాడు."

తప్పు బాబుది కాదు, ఫోన్‌ది కాదు. తప్పు పైకప్పుది.

అటకకూ పడకగదికీ తేడా

మన పాత మండువా ఇళ్లలో పైకప్పు కింద అటక ఉండేది. ఇత్తడి గుండిగలు, ఊరగాయ జాడీలు, పండగకు మాత్రమే దింపే సామాను అక్కడ పెట్టేవారు. మనుషులు పడుకునేది మాత్రం కింద, వసారాలో, ఎండాకాలం వాకిట్లో నులకమంచం మీద. అటక మీద గాలి ఆడదనీ, ఎండ వేడంతా అక్కడికే చేరుతుందనీ పెద్దలకు తెలుసు. ఇప్పటి మేడ మీది గదికి గోడలు, కిటికీ, ఫ్యాన్ ఉన్నా దాని నెత్తి మీద కూడా ఎండే. ఆ విషయంలో అది అటకకు చెల్లెలే.

ఇంటర్నెట్‌లో కనిపించే అందమైన అటిక్ గదుల ఫొటోలు ఎక్కువగా చలి దేశాలవి. అక్కడ బయటి చలి లోపలికి రాకుండా, లోపలి వెచ్చదనం బయటకు పోకుండా గది కడతారు. అందుకే మందపాటి కార్పెట్, బరువైన కర్టెన్లు, చెక్క పలకల గోడలు, చిన్న కిటికీ. అదే అలంకారం మన ఊళ్లో మేడ మీద పెడితే దుమ్ము పేరుకుంటుంది, ఉక్కపోత పెరుగుతుంది. అమెరికాలో, యూరప్‌లో ఉన్న మన బంధువుల ఇంట్లో చూసింది అక్కడికి సరైనదే. మనకు కావలసిన హాయి వెచ్చదనం కాదు, చల్లదనం.

మొదటి పని: కొలవండి

రంగుల కేటలాగ్ తెరిచే ముందు రెండు రూమ్ థర్మామీటర్లు కొనండి. ఒకటి కింది హాల్‌లో, ఒకటి మేడ మీది గదిలో, ఎండ తగలని గోడకు, మీ భుజం ఎత్తులో పెట్టండి. ఏడు రోజులు ఉదయం 6కు, మధ్యాహ్నం 3కు, రాత్రి 9కి, 11కు ఉష్ణోగ్రత రాయండి. రాత్రి 11 గంటల లెక్క మీరు రాయండి, మిగతావి పిల్లలతో రాయించండి. ఆరో తరగతి దాటిన పిల్లలు దాన్ని లైన్ గ్రాఫ్‌గా గీయగలరు.

ఒక విశేషం గమనిస్తారు. కింది హాల్‌లో సాయంత్రం దాటాక వేడి తగ్గుతుంది. పైన మాత్రం రాత్రి 9కి కూడా తగ్గదు. కారణం కాంక్రీట్ స్లాబ్. అది పగలంతా ఎండను పీల్చుకుంటుంది. ఆ వేడి నెమ్మదిగా లోపలి వైపుకు చేరి, పొద్దుపోయేదాకా గదిలోకి దిగుతూనే ఉంటుంది. సరిగ్గా పిల్లలు నిద్రపోయే వేళకు కప్పు ఇంకా వేడిగా ఉంటుంది. ఫ్యాన్ చల్లదనాన్ని తయారు చేయదు, కప్పు కింద ఉన్న వేడి గాలినే కిందికి తోస్తుంది.

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చేసిన సిఫారసు ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు. ఒంటిపూట బడికి ఉదయం ఆరున్నరకు లేవాలంటే, పన్నెండేళ్ల పిల్లవాడు రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్రలో ఉండాలి. కప్పు అర్ధరాత్రికి చల్లబడితే ఆ లెక్క ఎలా కుదురుతుంది?

వేడి తగ్గించే వరస

ముందు గది పైకప్పు, తర్వాత గోడలు, తర్వాత కిటికీ, ఆఖరున ఏసీ. చాలామంది ఈ వరసను తిరగేసి ఏసీతో మొదలుపెడతారు. కప్పు కాలుతుంటే ఏసీ రాత్రంతా ఆగకుండా తిరుగుతుంది. బిల్లు పెరుగుతుంది, గది మాత్రం అంతంత మాత్రమే.

పైకప్పుకు తెల్ల రంగు: తెలుపు ఎండను తిప్పికొడుతుంది. వైట్ కూల్ రూఫ్ పెయింట్ గానీ, తెల్ల టైల్స్ గానీ, తక్కువ ఖర్చులో సున్నం పూత గానీ వేయవచ్చు. దీనివల్ల లోపలి వేడి సాధారణంగా 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీయే తీసుకువచ్చింది. పూత వేసే ముందు స్లాబ్ పగుళ్లు పూడ్పించి వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. లేకపోతే వానాకాలంలో చెమ్మ దిగి, బూజు పట్టి, దగ్గు, ఆయాసం ఉన్న పిల్లలకు ఇబ్బంది అవుతుంది. తెల్ల పూత మీద దుమ్ము పేరుకుంటే ఫలితం తగ్గుతుంది. ఏటా ఎండలు ముదరకముందే కడిగి, అవసరమైతే మళ్లీ వేయండి.

పడమటి గోడకు నీడ: సాయంత్రపు ఎండ పడే గోడ రాత్రి దాకా వేడిగా ఉంటుంది. మంచం తల దానికి ఆనించకండి. బయటి వైపు గ్రీన్ నెట్ కట్టండి. కుండీల్లో బీర, సొర, చిక్కుడు పెట్టి పందిరి అల్లించినా చాలు. నీడ వస్తుంది, కూరా వస్తుంది. నీళ్లు పోసే పని పిల్లలకు అప్పగించండి.

కిటికీ: నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం కిటికీల వంటి తెరిచే భాగం పొడి వేడి ప్రాంతాల్లో నేల వైశాల్యంలో పదో వంతు, కోస్తా వంటి తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలి. ఎదురెదురుగా రెండు కిటికీలుంటే గాలి ఆడుతుంది. ఒకటే ఉంటే ఎదుటి గోడకు పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి, సూర్యాస్తమయం తర్వాత రెండు మూడు గంటలు నడపండి. పొడి వాతావరణం ఉన్న ఊళ్లలో వట్టివేళ్ల తడకలు తడిపి కడితే బాగా పనిచేస్తాయి. సముద్రం దగ్గర ఊళ్లలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి వాటితో ఉపయోగం తక్కువ.

రేకుల గది అయితే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. రేకు చాలా త్వరగా కాలుతుంది. అది పాత ఆస్బెస్టాస్ సిమెంట్ రేకు అయితే దానికి కన్నాలు వేయించకండి, కోయించకండి, రుద్దించకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. కప్పు మార్చేదాకా ఆ గదిని పిల్లల పడకగదిగా ఎంచుకోకపోవడమే మేలు. కొందరు వేడి ఆపడానికి రేకు కింద థర్మోకోల్ షీట్లు అంటిస్తారు. థర్మోకోల్ సులువుగా అంటుకుని, దట్టమైన పొగ వదులుతుంది. పిల్లలు పడుకునే చోట అది వద్దు.

ఇన్ని చేసినా మే నెలలో మీ ఊరి ఎండకు గది చల్లబడకపోవచ్చు. అప్పుడు ఒప్పుకోవలసిన మాట ఒకటి ఉంది: అది ఏడాదంతా పడుకునే గది కాకపోవచ్చు. పైన చెప్పిన బాబు ఇంట్లో అదే చేశారు. స్లాబ్‌కు తెల్ల పూత వేయించారు, పడమటి గోడకు నెట్ కట్టారు. అయినా మార్చి మధ్య నుంచి తొలకరి దాకా బాబు కింది హాల్‌లో నానమ్మ పక్కన పడుకోవాలని, చదువుకు మాత్రం తెల్లవారుజామున పైకి వెళ్లవచ్చని ఒప్పందం. గది పోలేదని తెలిశాక బాబుకు కూడా అభ్యంతరం లేకపోయింది.

పిట్టగోడ, కిటికీ, మెట్లు

మేడ మీద గది అంటే తలుపు తీయగానే డాబా. కాబట్టి గది భద్రత గదితో ఆగదు.

పిట్టగోడ ఎత్తు కనీసం 1 మీటరు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. టేపుతో కొలవండి. పిట్టగోడ పక్కన ఇటుకల కుప్ప, పెద్ద కుండీ, పాత స్టూలు ఉంటే పిల్లవాడికి ఆ గోడ పొట్టిదైపోయినట్టే. వాటిని మధ్యకు జరపండి. సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసే రోజుల్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. డాబాకు దగ్గరగా కరెంటు తీగలు వెళ్తుంటే విద్యుత్ శాఖ వారికి అర్జీ పెట్టండి. ఆ సమస్య తీరేదాకా గది ఇవ్వకండి.

కిటికీకి గ్రిల్, దోమల మెష్ రెండూ కావాలి. కోతులు తిరిగే ఊళ్లలో గ్రిల్ లేకపోతే గది వాటిదే. మెట్ల రెయిలింగ్ కమ్మీల మధ్య సందు 4 అంగుళాలు మించితే చిన్న తమ్ముడో చెల్లెలో అందులో దూరే ప్రమాదం ఉంది. మెట్ల దగ్గర కిందా పైనా స్విచ్ ఉన్న లైటు పెట్టించండి.

బీరువా, పుస్తకాల రాక్ గోడకు ఎల్-క్లాంపుతో బిగించండి. అరలు పట్టుకుని ఎక్కడం పిల్లలకు సరదా, రాక్ మీద పడితే ప్రాణాపాయం. మంచం కిటికీ కింద వద్దు. బంక్ బెడ్ వేస్తే, ఆరేళ్ల లోపు పిల్లలను పై మంచం మీద పడుకోబెట్టకండి. ఆరేళ్లు దాటిన పిల్లలైనా పై మంచం మీద మోకాళ్లపై కూర్చుని చెయ్యెత్తితే ఫ్యాన్ రెక్క అందకూడదు.

గోడల పాత రంగు పెచ్చులూడుతుంటే పొడిగా గీకించకండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. తడిపి గీకించి, పిల్లలను ఆ రెండు రోజులూ పైకి రానివ్వకండి. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదనే నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. కొత్త డబ్బా మీద ఆ వివరం చూసి కొనండి.

గది కొత్తగా కట్టాలంటే కింది గోడలు, పునాది ఆ బరువు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి తీసుకోండి. మేస్త్రీ "ఏం కాదండీ" అన్న మాట ఒక్కటే చాలదు.

రాత్రి పిలిస్తే వినిపించాలి

ఇది చాలామంది మరచిపోయే విషయం. రాత్రి రెండు గంటలకు పిల్లవాడికి కడుపునొప్పి వస్తే ఎవరిని పిలుస్తాడు? గది తలుపు తీసి, చీకట్లో డాబా దాటి, మెట్లు దిగి, కింది తలుపు తట్టాలా?

పక్కనే బాత్‌రూమ్ లేకపోతే ఆ గది రాత్రి పడకకు పనికిరాదు. మంచం పక్కన నొక్కితే మీ గదిలో మోగే కార్డ్‌లెస్ బెల్ పెట్టండి. తలుపుకు లోపల గొళ్లెం బదులు, బయటి నుంచి కూడా తాళంతో తెరవగలిగే లాక్ పెట్టించండి. ఒక తాళంచెవి కింద మీ దగ్గర ఉండాలి. కరెంటు పోతే వెలిగే చార్జింగ్ లైటు చేతికి అందే చోట ఉండాలి.

ఇంటి లోపలి మెట్లతో పైకి వెళ్లే డూప్లెక్స్ అయితే కొంత నయం. బయటి మెట్లయితే పదేళ్ల లోపు పిల్లలు రాత్రి ఒంటరిగా పైన పడుకోకపోవడమే మంచిదని మా సలహా. వాళ్లకు అది పగటి గదిగా ఉంచండి: చదువు, బొమ్మలు, నేస్తాలతో ఆటలు. పెద్ద పిల్లలకు ఇంకో నియమం చేర్చండి: ఫోన్, ట్యాబ్ చార్జింగ్ కింది హాల్‌లోనే. సొంత గది ఇచ్చాం కదా అని పలకరింపులు తగ్గనివ్వకండి. రోజూ పడుకునే ముందు ఒకసారి పైకి వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. పిల్లలు మనసులో మాట చెప్పేది ఎక్కువగా ఆ వేళకే.

గ్రాఫ్ పేపర్ మీద గది: పిల్లలతో చేసే పని

ఇక్కడి నుంచి పిల్లలే డిజైనర్లు. గది 360 సెం.మీ. పొడవు, 300 సెం.మీ. వెడల్పు ఉందనుకుందాం, అంటే సుమారు 12 × 10 అడుగులు. గ్రాఫ్ పేపర్ మీద 1 సెం.మీ. = 20 సెం.మీ. అనే స్కేలు తీసుకుంటే గది 18 × 15 సెం.మీ. బొమ్మ అవుతుంది. 190 × 90 సెం.మీ. మంచం 9.5 × 4.5 సెం.మీ. అట్టముక్క. 100 × 60 టేబుల్ 5 × 3 సెం.మీ. ముక్క. ఈ ముక్కలు కత్తిరించి, తలుపు, కిటికీ గుర్తు పెట్టి, అటూ ఇటూ జరిపి చూడమనండి. తలుపు తెరుచుకునే జాగా, నడిచే దారి వదలాలని చెప్పండి.

గది వైశాల్యం 3.6 × 3.0 = 10.8 చదరపు మీటర్లు. పొడి వేడి ప్రాంతంలో కిటికీ భాగం ఎంత ఉండాలి? పదో వంతు అంటే 1.08 చదరపు మీటర్లు. 4 × 3 అడుగుల కిటికీ ఒకటి దాదాపు సరిపోతుంది. స్కేలు, నిష్పత్తి, వైశాల్యం అనే మూడు పాఠాలూ ఒకే కాగితం మీద వచ్చేశాయి.

వాలు కప్పు ఉన్న గది అయితే ఒక సూత్రం గుర్తుంచుకోండి: ఎత్తు తక్కువ ఉన్న వైపు కూర్చునే, పడుకునే పనులు. ఎత్తు ఎక్కువ ఉన్న వైపు నిలబడే, నడిచే పనులు. పొట్టి రాక్, చదువుకునే చాప వాలు కిందికి వెళ్లాలి. బీరువా, తలుపు దారి ఎత్తు వైపు ఉండాలి. మంచం మీంచి గబుక్కున లేస్తే తల తగలకూడదు. పిల్లవాడిని కూర్చోబెట్టి, లేపి చూసి నిర్ణయించండి. మరో రెండేళ్లకు జానెడు పెరుగుతాడని కూడా లెక్క వేసుకోండి.

ఇప్పుడు అందం సంగతి

ఇంతవరకు వచ్చాక ఖర్చు పెట్టవలసింది తక్కువే. గోడలకు లేత రంగు. ఒక గోడ మాత్రం పూర్తిగా పిల్లల ఇష్టం. ముదురు ఊదా అడిగినా సరే అనండి, అది తూర్పు గోడ అయ్యేలా చూడండి. పల్చటి నూలు కర్టెన్లు. నేల మీద కార్పెట్ బదులు చాప లేదా జంపఖానా, ఉతుక్కోవచ్చు. రాత్రి వెలుతురుకు పసుపు ఛాయ ఉన్న చిన్న ఎల్‌ఈడీ బల్బు, చదువుకు తెల్లటి టేబుల్ ల్యాంపు. కుడిచేత్తో రాసే పిల్లలకు ల్యాంపు ఎడమ పక్కన ఉండాలి, లేకపోతే చేతి నీడ నోట్‌బుక్ మీద పడుతుంది. సీరియల్ లైట్లు కావాలంటే కర్టెన్‌కు, పరుపుకు దూరంగా, పడుకునే ముందు ఆపేసేలా.

మంచం మీదికి అమ్మ, నానమ్మల పాత నూలు చీరలతో కుట్టించిన బొంత వేయండి. మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది. కొత్త గదిలో మొదటి రాత్రి పిల్లలకు ఇంటి వాసన తోడుంటుంది. ఏ దుకాణంలోనూ అది దొరకదు.

గది అప్పగించే ముందు సరిచూసుకోండి

1. మనం ఒక రాత్రి ఆ గదిలో నిద్రపోయామా?
2. రాత్రి 9కి కింది గదికీ పై గదికీ ఎన్ని డిగ్రీల తేడా ఉంది?
3. పైకప్పుకు తెల్ల పూత, పగుళ్ల మరమ్మతు అయ్యాయా?
4. పిట్టగోడ 1 మీటరు ఉందా? పక్కన ఎక్కే వస్తువులు తీశామా?
5. కిటికీ గ్రిల్, మెష్, మెట్ల రెయిలింగ్ గట్టిగా ఉన్నాయా?
6. బీరువా, రాక్ గోడకు బిగించామా?
7. బాత్‌రూమ్‌కు చీకట్లో డాబా దాటకుండా వెళ్లగలరా?
8. బెల్ నొక్కితే మన గదిలో మోగుతోందా? రెండో తాళంచెవి ఎక్కడుంది?
9. ఎండాకాలం ఎక్కడ పడుకోవాలో ముందే మాట్లాడుకున్నామా?
10. "గదిలో ఏ ఇబ్బంది ఉన్నా చెప్పు, గది తీసేసుకోం" అని పిల్లలకు చెప్పామా?

పదో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ఆ ఏడో తరగతి బాబు నెల రోజులు వేడిని భరించింది ఆ ఒక్క మాట ఎవరూ చెప్పనందుకే. పిల్లలకు గది ఇవ్వడం అంటే తలుపు, తాళం ఇవ్వడమే కాదు. అక్కడ బాగోలేకపోతే మెట్లు దిగి వచ్చి మన పక్కన పడుకోవచ్చనే భరోసా కూడా ఇవ్వాలి.